ఏసీ నీళ్ళు

మాస్టర్స్ చదవడానికి దుబాయ్ వెళ్తున్నానంటే మా జగిత్యాల వైపు ఎవరూ నమ్మలేదు. మా వాడకట్టులో దుబాయ్ అంటే సిమెంటు, ఇనుము, ఎడారిలో క్యాంపు. మగవాళ్ళు పోతారు, సెలవు దొరికినప్పుడు అత్తరు సీసాలతో వస్తారు, మళ్ళీ పోతారు. ఆడపిల్ల చదువుకని అక్కడికి పోవడమేమిటని మా మేనమామకు అనుమానం. "ఏ కఫీల్ కింద, ఎవల పూచీ మీద పోతున్నవో సరిగ్గ అడిగినవా బిడ్డా" అన్నాడు. స్కాలర్‌షిప్ ఇచ్చారని, నీళ్ళ మీద పరిశోధన చేసే ల్యాబులో సీటు వచ్చిందని ఎంత చెప్పినా, "మంచిదే తియ్, పాస్‌పోర్టు మాత్రం ఎవ్వలకియ్యకు" అని ముగించాడు.

కాబట్టి షార్జాలో, రోలా దగ్గరి పాత బిల్డింగు ఎనిమిదో అంతస్తులో, పడక కోసం వెతుక్కుంటూ వెళ్ళిన ఫ్లాటు తలుపు తీసినామె నన్ను చూసీ చూడగానే "ఏ ఇంట్లో పని?" అని అడిగినప్పుడు నాకు కోపం రాకూడదు. వచ్చింది. "ఇంట్లో కాదు, యూనివర్సిటీల చదువుతున్న" అన్నాను, కాస్త గట్టిగానే. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే మరి అక్కడే ఉండొచ్చుగా" అంది.

ఉండేదాన్నే. నేను చేరింది జనవరిలో, హాస్టల్లో ఖాళీ లేదు. అందుకే దుబాయ్‌లో చదువు, షార్జాలో పడక. పొద్దున్నే బస్సెక్కితే ట్రాఫిక్‌లో ఇరుక్కుని క్లాసుకు చేరేసరికి సగం ఓపిక అయిపోయేది.

ఆమెది రాజోలు దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్ళు ఒక అరబ్బు ఇంట్లో పనిచేసి, బయటికొచ్చి, ఇప్పుడు గంటల లెక్కన మూడు నాలుగిళ్ళలో వంటా తుడుపూ చేసుకుంటోంది. ఆ ఫ్లాటు ఆమె చేతికింద ఉంది. బెడ్రూమ్ ఆమెది. హాలును ప్లైవుడ్డు చెక్కతో రెండు ముక్కలు చేసి, ఒకదాంట్లో నన్నూ, ఇంకోదాంట్లో బ్యూటీ పార్లర్‌లో పనిచేసే తుని అమ్మాయినీ పెట్టింది. అందరం ఆమెను అక్కా అనాలి. అది అక్కడి మొదటి రూలు.

రెండో రూలు నాకు తెలియక తప్పాను. చేరిన మర్నాడు మర్యాదకే అడిగాను. "అక్కా, నువ్వు తిన్నవా?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "నువ్వేంటి, నువ్వు? నీ వయసెంత, నా వయసెంత? మావైపు పాలేరైనా అండీ అంటాడు."

"మా దిక్కు అమ్మను గూడ నువ్వే అంటరక్కా."

"అంటారు మరి. పెంపకం."

ఆ ఒక్క మాటతో మా ఇద్దరి మధ్యా పొయ్యి అంటుకుంది. అమ్మను అన్న మాట నేను మరచిపోలేదు, నన్ను అన్నందుకు ఆమె విచారించలేదు. పొద్దున నేను జొన్నరొట్టె చరిస్తే "ఆ డప్పు ఆపు, తలనెప్పి" అనేది. చపాతీ పీటంత చోటు కూడా లేకుండా గట్టు నిండా తన గిన్నెలు పరిచేది. నా తెలుగు తురకమాటలా ఉందని తుని అమ్మాయితో చెప్పి నవ్వేది. "ఇరవై నాలుగేళ్ళొచ్చినా పలక వదల్లేదు, దీన్నెవరు చేసుకుంటారు" అని ఫోన్లో ఎవరితోనో అనేది, నాకు వినపడేలా. నేనూ ఊరుకోలేదు. మా చెల్లెలికి ఫోన్ చేసి ఆమె "ఆయ్" అనే తీరును అచ్చం అలాగే అని చూపించేదాన్ని, ప్లైవుడ్డుకు చెవులుంటాయని తెలిసే. ఆమె ఏదైనా అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేదాన్ని. ఆమె ముఖం ఎర్రబడితే ఆ పూట నాకు అన్నం రుచిగా ఉండేది.

చదువు చోట కూడా నన్ను ఎత్తుకుని ఆడించినవాళ్ళు లేరు. మా ప్రొఫెసర్ జోర్డాన్ మనిషి. మాట తక్కువ, విసుగెక్కువ. మొదటి నెలంతా నేను చెప్పిన ప్రతి అంశాన్నీ "ఇది పాతది" అని పక్కన పెట్టాడు. ల్యాబులో మిగతావాళ్ళు ఒకరితో ఒకరు అరబ్బీలో మాట్లాడుకునేవారు, నేను వెళ్తే ఆపేసేవారు. చివరికి ఒకరోజు ప్రొఫెసర్ నేనెక్కడుంటానని అడిగాడు. షార్జాలో పాత బిల్డింగని చెబితే మొదటిసారి తలెత్తి చూశాడు. "పాత ఏసీలా? మంచిది. వాటి నుంచి కారే నీళ్ళు పట్టు. లోపలి రాగి గొట్టాల నుంచి ఏం దిగుతుందో, ఏ సూక్ష్మజీవులు పెరుగుతాయో చూద్దాం. చెట్లకు పోయొచ్చా, ఫ్లష్‌కు వాడొచ్చా, దేనికి పనికిరావు? అది నీ థీసిస్."

ఆ దేశంలో ఏసీ లేని గది లేదు, నీళ్ళు కారని ఏసీ లేదు. నాకు నచ్చింది. ల్యాబు వాళ్ళిచ్చిన తెల్ల బాటిళ్ళు తెచ్చి, వంటింటి బాల్కనీలో గొట్టం కింద పెట్టి, ఒక్కోటి నిండగానే స్టిక్కరు అంటించి, ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో సర్దాను. ఫ్రిజ్‌లో పెట్టనివ్వమని అడిగితే "చేపలుండే చోట నీ మురుగునీళ్ళెందుకు" అంది. సరేలెమ్మని రోజూ ఐసు మార్చుకున్నాను.

ఒక గురువారం క్లాసు నుంచి వచ్చేసరికి బాటిళ్ళన్నీ బోర్లించి, బాల్కనీ గోడ మీద వరసగా ఆరబెట్టి ఉన్నాయి. లోపల గచ్చు తళతళలాడుతోంది.

"ఈ బాటిళ్ళల నీళ్ళేమైనయ్?"

"ఇల్లు తుడిసేసేను." ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

"అవి నా శాంపిళ్ళు. నీకు చెప్పిన, ముట్టద్దని."

"శాంపిళ్ళో సాంబారో నాకేం తెలుసు. నా ఏసీ, నా బాల్కనీ, నా నీళ్ళు. కావాలంటే బాటిళ్ళు తీస్కో, కడిగే పెట్టేను."

కావాలనే చేసింది. స్టిక్కర్లు కూడా గోకి తీసేసింది, పొరపాటున ఇల్లు తుడిచే మనిషి స్టిక్కర్లు గోకదు. నేను అరవలేదు. ఆ పూట నుంచి ఆమెను "మీరు" అనడం మొదలుపెట్టాను. "మీ గిన్నె తీయండి", "మీ బట్టలు తీసుకోండి". మా ఇళ్ళలో బాగా ఎరిగిన మనిషిని మీరు అన్నామంటే ఆ మనిషితో సంబంధం తెగినట్టే. ఆమె మాత్రం అమ్మాయికి బుద్ధొచ్చిందనుకుని గెలిచినట్టు తిరిగింది.

మళ్ళీ మొదటినుంచి నీళ్ళు పట్టాను. ఈసారి నిండిన బాటిళ్ళను పెట్టెతో సహా నా సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. ఇక వాటిని ల్యాబులో దింపిరావడమే మిగిలింది అనుకుంటుండగా ఆ ఏప్రిల్ వాన వచ్చింది.

పట్టపగలు ఆకాశం ఆకుపచ్చగా మారి, వీధి దీపాలు వెలిగాయి. ఊళ్ళో వానలు చూసినదాన్ని నేను. ఇది వేరు. పారే దారి లేని ఊరి మీద పడిన వాన అది. సాయంత్రానికి కింద నిలిపిన కార్ల కిటికీల దాకా నీళ్ళు. కరెంటు పోయింది. లిఫ్టు ఆగింది. కరెంటు లేక పంపు ఆడలేదు, పంపు ఆడక పై ట్యాంకు ఎండింది, కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఊరంతా నీళ్ళు, మా ఇంట్లో చుక్క లేదు.

మర్నాటికి తాగే నీళ్ళ క్యాన్ అడుగంటింది. తుని అమ్మాయికి రాత్రి నుంచి వాంతులు, ఒళ్ళు కాలుతోంది. అక్క పనిచేసే ఇంటామె ఫోన్ చేసి ఎలాగైనా రమ్మంటోంది, ఈమె హిందీలో "మేడం, రాస్తా నహీ హై" అని చెప్పిందే చెబుతోంది. ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"ఆ పెట్టె తియ్యి. బాత్రూమ్ కంపు కొడతంది. ఆ పిల్ల వాంతి చేసుకున్నకాడ కడగాలి."

"అవి ఇయ్యనండి."

"మనుషులు చత్తంటే నీళ్ళు దాసుకుంటావా?"

"ఎవరూ సస్తలేరు. కింద గల్లీ నిండ నీళ్ళే ఉన్నయ్, బకెట్ తీసుకపోయి తెచ్చుకోండి. మీరు ఒకసారి పారవోసిండ్రు. రెండోసారి పొయ్యనియ్య."

ప్లైవుడ్డు అవతల నుంచి తుని అమ్మాయి నీరసంగా, "అక్కా, వదిలేయండి" అంది. ఏ అక్కతో అందో తెలియదు. ఆమె నా సూట్‌కేసును కాలితో ఒక్క తాపు తన్ని, ఖాళీ క్యాన్ భుజానేసుకుని మెట్లు దిగిపోయింది.

చాలాసేపటికి తిరిగొచ్చింది. నైటీ నడుము దాకా తడిసిపోయింది, రొప్పుతోంది, అయినా భుజాన క్యాన్ నిండా మంచినీళ్ళున్నాయి. ఎనిమిది అంతస్తులు మోసుకొచ్చింది. గ్లాసు కడక్కుండానే నీళ్ళు వంపి తుని అమ్మాయి తలెత్తి పట్టుకుని కొద్దికొద్దిగా తాగించింది. తను తాగింది. నేను నా గ్లాసు తీసుకుని వెళ్ళాను.

ఆమె క్యాన్ మీద చెయ్యి పెట్టింది. "నీకున్నాయిగా నీళ్ళు. పెట్టె నిండా."

ఆ పెట్టెలో ఏముందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అంతకుముందు చదివిన పరిశోధనల ప్రకారం రాగి, జిగురు కట్టే సూక్ష్మజీవులు, ఏళ్ళ తరబడి రేకుల మధ్య పేరుకున్న మట్టి. నాలుక అంగిటికి అంటుకుపోతోంది. ఇంకోసారి అడిగితే ఇచ్చేదేమో. అడగలేదు. చెప్పులేసుకుని దిగాను.

మెట్ల మీద చీకటి, మనుషుల చెమట వాసన. ఆఖరి మెట్ల దగ్గరే నీళ్ళు మొదలయ్యాయి. తొడల దాకా వచ్చాయి. నల్లగా, నూనె తెట్టెలతో, మురుగు కలిసి. కాలి కింద ఏముందో తెలియదు. ఒక సందు అవతల కొందరు కుర్రాళ్ళు తలుపు చెక్కను తెప్పలా తోస్తూ, దాని మీద నీళ్ళ బాటిళ్ళ కట్టలు పెట్టుకుని బిల్డింగు బిల్డింగుకూ తిరుగుతున్నారు. ఒకతను నన్ను చూసి ఉర్దూలో అక్కా అని పిలుస్తూ "ఎంతమంది, బాజీ?" అని అడిగాడు. "ఒక్కదాన్నే" అన్నాను. నోట్లోంచి ఆ మాట అంత సులువుగా వచ్చింది. అతను ఒక కట్ట నా చేతుల్లో పెట్టి, "యల్లా, పద, జాగ్రత్తగా పో" అన్నాడు.

పైకి చేరేసరికి తలుపుకు గొలుసు వేసి ఉంది. సందులోంచి ఆమె ముఖం కనబడింది.

"ఆ కాళ్ళతో లోపలికి రాకు. కడుక్కుని రా."

"దేనితోని కడగాలె?"

ఆమె నవ్వింది.

నేను మెట్టు మీద కూర్చుని, కట్ట చింపి, ఒక బాటిల్ మూత తీసి ఎడమ కాలి మీద పోశాను. ఇంకోటి తీసి కుడి కాలి మీద పోశాను. తొందరేం లేకుండా, మడమలు రుద్దుకుంటూ, వేళ్ళ సందులు కడుక్కుంటూ. తాగే నీళ్ళు. మెట్ల మీదుగా ఏడో అంతస్తులోకి కారిపోయాయి. ఆమె నవ్వు పోయింది. నీళ్ళు వృథా కావడం ఆ మనిషి చూసి ఓర్వలేదు, ఏసీ నీళ్ళను కూడా వదిలిపెట్టని మనిషి. ఆ ముఖం చూడటానికి ఆ రెండు బాటిళ్ళూ చవకే అనిపించింది. గొలుసు తీసింది. నేను లోపలికి వెళ్ళి, ఆమె ఎదుటే ఇంకో బాటిల్ ఎత్తిపట్టి తాగాను.

మిగిలిన వాటిలో కొన్ని తుని అమ్మాయి మంచం పక్కన పెట్టాను. ఆ పిల్ల కళ్ళు తెరిచి, "మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు తినేత్తారు. నాకు తగ్గాక ఇక్కణ్ణించి పోతాను" అంది. అన్నట్టే, వీధులు ఆరగానే పార్లర్ వాళ్ళ రూముకు మారిపోయింది. నాకు ఫోన్ నంబరు కూడా ఇవ్వలేదు.

కరెంటు వచ్చి, బస్సులు తిరగడం మొదలయ్యాక పెట్టె మోసుకుని ల్యాబుకు వెళ్ళాను. ప్రొఫెసర్ మూత తెరిచి, చెయ్యి పెట్టి చూశాడు. ఐసు ఏనాడో కరిగిపోయింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

"ఇన్ని రోజులు ఈ వేడిలోనా?"

"కరెంటు లేదు, సార్."

"అయితే ఇవి పనికిరావు. ఖలాస్. పారబోయ్."

సింకులో నేనే పారబోశాను. ఒక్కొక్క బాటిలూ గుడగుడమంటూ ఖాళీ అవుతుంటే, ఇవే కదా ఆమె బాత్రూముకు అడిగింది అనుకున్నాను. ఇవ్వాల్సిందనిపించలేదు. ఇవ్వకపోవడం వల్ల నాకేమీ మిగల్లేదనీ తెలుసు. రెండూ ఒకేసారి నిజమవుతాయని అంతకుముందు నాకు తెలియదు.

నెలాఖరున ఆమె ఖాళీ చేయమంది. నేను అప్పటికే దుబాయ్‌లోనే, అల్ కుసైస్‌లో వేరే గది చూసుకున్నాను. ఆ మాట ఆమె ముందుగా అన్నందుకు మాత్రం ఒళ్ళు మండింది. వెళ్ళేరోజు గుమ్మంలో నిలబడి, నా సంచిలో చెయ్యి పెట్టి వెతికి, "ఈ అట్లకాడ నాది" అని తీసుకుంది. అది నాదే. జగిత్యాలలో మా అమ్మ కొనిచ్చింది. "ఉంచుకోండి" అన్నాను. ఆమె ఉంచుకుంది.

కొత్త చోట బాల్కనీ లేదు, కిటికీ పక్కన గొట్టం ఉంది. అక్కడే పట్టాను. థీసిస్ ఆలస్యమైంది, అయినా పూర్తయింది. ప్రొఫెసర్ చివరి రోజున కూడా "పర్వాలేదు" అనే అన్నాడు. ఇప్పుడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక నీళ్ళ పరీక్షల సంస్థలో పనిచేస్తున్నాను.

కిందటేడు ఒకసారి పని మీద షార్జా వెళ్ళి తిరిగొస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్ళ వైపు ఒకే సీటు ఖాళీ. పక్కన ఆమె. కొంచెం లావైంది, చేతికి కట్టు ఉంది. నన్ను చూసింది, గుర్తుపట్టింది. నిలబడదామా అనుకున్నాను. నేనెందుకు నిలబడాలి అనిపించి కూర్చున్నాను. ఆమె తన సంచి తీసి మా ఇద్దరి మధ్య పెట్టింది. దుబాయ్ దాకా బస్సు చీమలా నడిచింది. చేతికేమైందని అడగడానికి నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఆమె కిటికీలోంచి కదలని కార్లను చూస్తూనే ఉంది.

ఆమె స్టాపు వచ్చింది. సంచి తీసుకుని, "కాళ్ళు పక్కకి తియ్యి" అంది.

తీశాను. దిగిపోయింది.