ఇంటి నుంచి తేవలసిన ప్రశ్న

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. తిరుపతిలో జపనీస్ చెప్పిన మనిషి పోతే ఎవరికి పట్టింది? పైగా నేను ఒకరి గురించి మొదలుపెడితే దారిలో ఇంకో నలుగురిని పలకరించి గానీ ఆయన దగ్గరికి చేరను. అయినా కూర్చున్నాను.

ఆయన పోయిన కబురు నాకు నాయుడుపేట నుంచి వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే పాత శిష్యుడొకడు ఫోన్ చేసి, "అన్నా, మన అయ్యవారు పోయినారంట, నిజమేనా?" అన్నాడు. ఆయన ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఇంత దగ్గరి చావు అంత దూరం పోయి తిరిగొచ్చి నన్ను చేరింది. మొన్న ఆదివారం మా ఇంట్లో శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్న మనిషి. చెప్పులు వేసుకుని పరుగున వెళ్ళాను. నిజమే.

ఆయన పరిచయమయ్యేనాటికి నాకు వీడియో క్యాసెట్ల అంగడి ఉండేది. కేబుల్ టీవీ వచ్చాక ఆ అంగడికి నేనూ ఈగలూ తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అలాంటి రోజుల్లో ఒక పొడుగాటి మనిషి వచ్చి, సాయంత్రాలకు టీవీ, వీసీఆర్ బాడుగకు కావాలన్నారు. మద్రాసులో ఒక జపాన్ కంపెనీలో చాలా ఏళ్ళు దుబాసీగా పనిచేసి సొంతూరు చేరారట. టైలరు అంగడి మీది గదిలో పిల్లలకు ఆ భాష చెబుతున్నారట. పెట్టెలు మోసుకుపోయి బిగించాను. వీసీఆర్‌ను ఎవడు పాడుచేస్తాడోనని భయపడి అక్కడే ఒక మూల కూర్చున్నాను. అలా రోజూ కూర్చుని కూర్చుని భాష పట్టుబడింది. తొమ్మిదో తరగతి తప్పినవాడికి పదిలోకి పోవడం కంటే జపనీస్‌లోకి పోవడమే సులువని అప్పుడు తెలిసింది.

ఆయన రాతపరీక్ష పెట్టేవారు కాదు. ఒక్కొక్కరికి ఒక జపాన్ సినిమా ఇచ్చేవారు. దాన్ని ఇంటికి తీసుకుపోయి, ఆ భాష ముక్క రాని మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, తెలుగులో చెబుతూ చూపించాలి. ఆ మనిషి అడిగిన ప్రశ్న ఒకటి తేవాలి. క్లాసులో అందరి ముందూ నిలబడి, జపనీస్‌లో కథ చెప్పి, ఇంటి ప్రశ్న వినిపించి, జవాబు చెప్పాలి. దాని పేరు ప్రాజెక్టు. సగం మార్కులు ప్రశ్నకే.

"జవాబుకు మార్కులేస్తే బట్టీ పడతారు. ప్రశ్నకేస్తే ఇంటికి పోయి నాలుగు మాటలు మాట్లాడతారు" అనేవారు.

ఒకడు తల గోక్కుంటూ నిలబడ్డాడు. "సార్, మాయమ్మ నిద్రపోయింది సార్."

"యాడ నిద్రపోయింది? ఏ సీన్లో? ఆడ ఎందుకు నిద్రొచ్చిందో జపనీస్‌లో చెప్పు. నీ ప్రాజెక్టు అదే."

పలమనేరు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ నాయన పాలు పోసుకుని బతికే రైతు. సినిమా అంతా చూసి, "అందరూ నేల మీదే కూర్చోని తింటాండారే, వీళ్ళు లేనోళ్ళా ఉన్నోళ్ళా?" అని అడిగాడట. అయ్యవారు కుర్చీలోంచి లేచారు. ఆ సాయంత్రమంతా పాఠం లేదు, ఆ ప్రశ్నే. చివర్లో, "మీ నాయనను గూడా చేర్చమ్మా, ఫీజు వద్దు" అన్నారు.

ఇంకొకడు, "సార్, మీ ఇంట్లో అమ్మగారికి చూపించినారా?" అని మెల్లగా అడిగాడు.

"అబ్బో, ఆమె అడిగితే నేను ఫెయిలు. నేనే ఫెయిలైతే మీకు మార్కులెవరేస్తారబ్బా?"

తర్వాత నా వంతు వచ్చింది. అప్పటికి నా భార్య పోయి ఎక్కువ కాలం కాలేదు. పిల్లలు లేరు. ప్రశ్న తేవడానికి ఇంట్లో మనిషి ఉండాలి కదా. "నన్ను వదిలేయండి సార్, నేను టీవీతో పాటు వచ్చినవాణ్ణి" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. ఆదివారం పొద్దున ఉడకబెట్టిన శనక్కాయల పొట్లంతో మా ఇంటికి వచ్చి, సినిమా పెట్టించి మంచం మీద కూర్చున్నారు.

"ఈ పొద్దు నేను మీ ఇంటి మనిషిని. నాకు తెలుగు తప్ప ఏమీ రాదు. చెప్పప్పా, ఏమంటాండాడు వాడు?"

ఆ సినిమాలో గొడుగులు బాగుచేసే ఒకాయన ఉంటాడు. ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని తమ్ముడు ఒకనాడు వానలో రైలు దిగి వస్తాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోకుండానే అన్నం తింటారు. తెల్లవారి అన్న లేచేసరికి ఇంకా వాన పడుతూనే ఉంటుంది. తమ్ముడు ఉండడు. అతని విరిగిన గొడుగు మాత్రం గోడకు ఆనించి ఉంటుంది. అన్న దాన్ని బాగుచేసి కొక్కేనికి తగిలిస్తాడు. అంతే సినిమా. ఇలాంటి క్యాసెట్ నా అంగడిలో ఇచ్చి ఉంటే తీసుకుపోయినవాడు తిరిగొచ్చి నన్ను తన్నేవాడు.

నేను తప్పుగా చెప్పిన చోటల్లా ఆయన ఏమీ ఎరగనట్టు తల ఊపారు. అయిపోయాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగారు. "బాగైతే చేసినాడు. ఇంగ ఎవరి కోసరం తగిలించినాడప్పా?"

క్లాసులో ఆ ప్రశ్న అప్పగించాను. ఎవరూ రాకపోయినా చేతులకు పని కావాలి కదా, అందుకు అని నాకొచ్చిన జపనీస్‌లో చెప్పాను. అయ్యవారు వెనక బెంచీలో చేతులు కట్టుకుని విన్నారు. "జవాబు పరవాలేదు. ప్రశ్న బాగుండాది. మీ ఇంట్లో ఎవరో తెలివైనోళ్ళు ఉండారు" అన్నారు. పిల్లలందరూ నవ్వారు.

తర్వాత క్లాసు మూతపడింది, అంగడీ మూతపడింది. ఆదివారాలు మాత్రం మూతపడలేదు. ఆయన పొట్లంతో, ఒక క్యాసెట్‌తో వచ్చేవారు, తెలిసిన భాషను తెలియనట్టు వినేవారు, గుమ్మం దగ్గర ఒక ప్రశ్న వదిలి వెళ్ళేవారు. జవాబు వెతుక్కుంటూ నాకు వారం గడిచిపోయేది. మా ఇంట్లో నన్ను ప్రశ్న అడిగే మనిషి ఇన్నేళ్ళూ ఆయనొక్కరే.

కర్మలు అయ్యాక వాళ్ళావిడ కబురు పెట్టింది. వెళితే క్యాసెట్ల సంచి ముందు పెట్టి, "ఇవి నాకెందుకన్నా, తీసుకోని పో" అంది. మళ్ళీ తానే, "ఇన్నేండ్లూ మీరిద్దరూ ఏం సూస్తాండేవాళ్ళు? ఒకటి పెట్టు, సూస్తాను" అంది.

మా ఇంటి నుంచి వీసీఆర్ తెచ్చి బిగించాను. చేతికి దొరికింది గొడుగుల సినిమానే. ప్రతి మాటా తెలుగులో చెప్పాను. ఆమె కన్నార్పకుండా చూసింది.

"అన్నా, పొద్దున గూడా వాన పడతానే ఉండాది గదా?"

"పడతానే ఉండాదమ్మా."

"గొడుగు ఈడ పెట్టేసి, ఆ తమ్ముడు రైలు దాకా ఎట్ల పోయినాడు? తడుస్తానే పోయినాడా?"

మేమిద్దరం ఆ సినిమా ఎన్నిసార్లు చూశామో. ఆ మాట మాకు తట్టలేదు. ఆమె అడిగితే ఫెయిలని ఆయన ఊరికే అనలేదు. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అతను వెళ్ళే సీను లేదు. తలుపు కొంచెం తెరిచి ఉంది, బయట వాన.

"అది చూపించలేదమ్మా" అన్నాను.

ఆమె లేచి లోపలికి పోయి కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టింది. నేను వైర్లు ఊడదీసి చుట్టాను.