ఎర్రక్క ఇంట్లో నాలుగో కాన్పు

1958. అనంతపురంలో నేను హెల్త్ విజిటర్‌గా చేరిన తొలి ఏడు. వీధులు తిరిగి గర్భిణులను చూడటం, కాన్పులు చేయడం, పుట్టిన పిల్లలు నిలుస్తున్నారో లేదో కనుక్కోవడం నా పని. వానలు ముఖం చాటేయడంతో శింగనమల వైపు పల్లెల నుంచి కూలి జనం వచ్చి రైలు స్టేషను అవతల గుడిసెలు వేసుకున్నారు. అక్కడ పుట్టుకలు ఎక్కువే, చావులూ ఎక్కువే.

ఆ గుడిసెలకు మంత్రసాని ఎర్రక్క. ఆమె కోడలు ఓబుళమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి, ఒక్కొక్కరూ వారం తిరక్కుండానే పోయారు. ఇప్పుడు మళ్లీ నిండు నెలలు.

"ఎట్ల పోయినారవ్వా?" అని అడిగాను.

"బాగనే పాలు తాగుతాండ్రి. ఉన్నట్టుండి నోరు కరుచుకొని, కొయ్య మాదిరి బిగుసుకపోయిరి. గాలి సోకినాదమ్మా."

ట్రైనింగులో చదివిన టెటనస్, అంటే ధనుర్వాతం, అచ్చం ఇదే. బొడ్డు కోసిన పుండులోంచి లోపలికి పోతుంది.

"బొడ్డు దేనితో కోస్తావు?"

"కొడవలితోనే. పైన పిడకల బూడిద అద్దుతా."

అయితే ఈ బిడ్డను కాపాడుకోవచ్చు! నేను వచ్చేదాకా బొడ్డు కోయొద్దని బతిమాలాను. ఎర్రక్క ముఖం ముడుచుకుంది. "ఎంతమందిని పుట్టిచ్చిన చేతులివి! నువ్వొచ్చి నేర్పిస్తావా?"

లోపల నుంచి ఓబుళమ్మ అంది: "అత్తా, ఈతూరి ఆయమ్మ చెప్పినట్ల చెయ్యి. నాకు బిడ్డ కావల్ల."

ఒక పొద్దున ఓబుళమ్మ మొగుడు నాగన్న రొప్పుతూ వచ్చాడు. "నర్సమ్మా, బిరీన రా! తల కనపడతాండాదంట!"

జట్కా ఎక్కి పోయేసరికి బిడ్డ కేరుమంటున్నాడు. ఎర్రక్క వాడిని గుడ్డలో పట్టుకొని కదలకుండా కూర్చుని ఉంది. "కోయలేదు. నీకోసరమే కాచుకోనుండా," అంది. ఆమె పొయ్యి ఊదింది. నేను కత్తెర, దారం మరగబెట్టి బొడ్డు కట్టి కోశాను. బూడిద తగలనివ్వలేదు.

రోజూ పోయి చూసేదాన్ని. భయపడుతున్న ఆ వారం చివర్లో ఒక ఉదయం, బిడ్డ పాలు పట్టడం లేదని ఓబుళమ్మ ఏడుస్తోంది. గుడిసె ముందు జనం చేరారు. చేతులు కడుక్కొని, దవడ బిగుసుకుందేమో చూద్దామని వాడి నోట్లో చిటికెనవేలు పెట్టాను. గట్టిగా చప్పరించాడు! "ఏం లేదు, నిద్రమత్తులో ఉన్నాడు!" అని అరిచాను. నాగన్న కేక వేశాడు. నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి.

బయటికి వస్తుంటే ఎర్రక్క నా వెంట నడిచింది.

"నర్సమ్మా, ఆ ముగ్గురూ నా చేతుల్తోనే పోయినారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఆ జబ్బు కొడవలితో, బూడిదతో వచ్చింది అవ్వా. నీకెవరూ చెప్పలేదు."

ఆమె తన అరచేతులు చూసుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పక్క గుడిసె సుంకమ్మకు నెలలు నిండినాయి. ఆ కత్తెర కాంచేది నాకు చూపిస్తావా?"

నేను వెంటనే వెనక్కి తిరిగి, మళ్లీ పొయ్యి రాజేయమన్నాను.

ఆ తర్వాత ఏ వాడకు పోయినా మొదట మంత్రసాని ఇల్లు వెతుక్కున్నాను. నిజం విని, గుండె పగిలినా, మరుక్షణం ఇంకొకరి బిడ్డ గురించి అడగగల మనిషి అక్కడ ఉంటుందని నాకు ఎర్రక్కే నేర్పింది.