మా అన్న పేరు మీద వచ్చిన చీర

దసరాకు ఎవరికేం కావాలో ఎవరూ ఎవరినీ అడగకుండానే మా ఇంట్లో ఇన్నేళ్లూ పండుగలు గడిచిపోయాయి. పొరపాట్లు జరగలేదని అనను. ఒక ఏడు అందరికీ గోడ గడియారాలే గుర్తుకొచ్చాయి. గోడలు చాలక ఒకదాన్ని స్నానాల గది బయట తగిలించాం. అయినా దాన్ని ఎవరూ సమస్య అనుకోలేదు. హైదరాబాదులో కంపెనీలో కొలువు చేస్తున్న మా అమ్మాయి అనుకుంది.

"అమ్మా, ఒక్కటే వస్తువు అందరు తెచ్చుడేంది? ఎవరికేం కావాల్నో ఆన్‌లైన్ల రాసుకుందాం. చూసి కొనుక్కుంటరు. ఫ్రీ టూల్స్ మస్తున్నయ్" అంది, ఒక ఆదివారం వికారాబాద్ వచ్చి.

నేను జిల్లా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసే మనిషిని. రోజంతా మీటలు నొక్కడమే నా పని. అందుకని ఇప్పుడు నేను చెప్పబోయేదాన్ని చేతకానితనం కింద కొట్టిపారేయకండి. నాకు అన్నీ అర్థమయ్యాయి. అర్థమయ్యాకే ఒళ్లు మండింది.

ఆ ఉచిత సదుపాయాల్లో మంచిదేదో తేల్చడానికి సోఫాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మొదటిది తెరవగానే తెర నిండా మంచు కురిసింది. పైన మా ఫ్యాను గిర్రున తిరుగుతున్నా మెడ మీద చెమట ఆరడం లేదు. మీ పండుగ ఏదని అడిగి, అదే ఓ వరస పేర్లు చూపించింది. అందులో దసరా లేదు. బతుకమ్మ సంగతి సరేసరి. మా అమ్మాయి తడుముకోకుండా 'ఇతరములు' నొక్కింది. ఊరు ఊరంతా జమ్మి ఆకు చేతపట్టుకుని ఇంటింటికీ తిరిగే పండుగ ఇతరముల్లో కలిసిపోయింది.

రెండోదాంట్లో సగం పేజీ పొట్ట తగ్గించే ప్రకటనలే. ఆ లింకు మా తోడికోడలికి పంపితే, ఆవిడ అందులో మోకాళ్ల నూనె బొమ్మ చూసి, తన మొగుడు రాసుకున్న కోరిక అనుకుని నొక్కింది. ఇక ఆ రోజు నుంచి ఫోను తెరిస్తే చాలు మోకాళ్లే. పాపం ఆవిడకు ఏ నొప్పీ లేదు. చూసి చూసి ఇప్పుడు ఉందేమోనని అనుమానం పట్టుకుంది.

మూడోదానికి ఇంటిల్లిపాది పేర్లూ, ఫోన్ నంబర్లూ, పుట్టిన తేదీలూ కావాలట. ఉచితంగా సేవ చేసేవాడికి మా అత్తగారు ఎప్పుడు పుట్టిందో ఎందుకు? ఆ ముక్క ఆవిడకే తెలియదు. నాలుగోది అన్నింటికన్నా తెలివైనదని మా అమ్మాయి మెచ్చుకుంది. కానుక ఎవరు కొంటున్నారో, పుచ్చుకునేవారికి తెలియకుండా దాచిపెడుతుందట. దాన్ని తయారుచేసిన మహానుభావుడు మా వైపు పెళ్లికి ఒక్కసారి వచ్చి ఉండాల్సింది. పెట్టింది స్టీలు బిందె అయినా సరే, మైకులో పేరు చదవకపోతే విస్తరి ముందు నుంచి లేచిపోయే చుట్టాలున్నారు మాకు. పెట్టేదే నలుగురికీ తెలియాలని. దాచుకునేవాళ్లు అసలు పెట్టరు.

చివరికి ఐదోది ఖాయం చేసింది. కారణం అడిగితే, "గిది క్లీన్‌గ ఉన్నదమ్మా" అంది. ఎవరికి కావలసింది వాళ్లు, ఏ దుకాణంలో దొరుకుతుందో ఆ లింకుతో సహా రాసుకోవాలి. కొనదలచినవాళ్లు దాని పక్కన 'నేను ఇస్తాను' అని నొక్కాలి. అంతటితో ఆ వస్తువుకు తలుపు మూసుకుంటుంది, ఇంకెవరూ కొనడానికి వీల్లేదు. జాబితాలో లేనిది ఎవరూ ఎవరికీ పెట్టకూడదని మా అమ్మాయి ఓ నియమం కూడా చేర్చి ఇంటి గ్రూపులో పంపింది.

మనుషులు ఎంత తొందరగా సిగ్గు వదిలేస్తారో నేను అప్పుడు చూశాను. ఎన్నడూ నోరు తెరిచి మంచినీళ్లు అడగని మా ఆడపడుచు నూనె లేకుండా గాలిలో వేయించే యంత్రం కావాలని రాసి, రంగు కూడా చెప్పింది. తోడికోడలు తన కోరికలను ముందు ఏది, తర్వాత ఏది అని వరసలో పేర్చింది. మా ఆయనకు ఇవన్నీ ఇష్టం లేక 'ఏమీ వద్దు' అని రాశారు. పెట్టెలో అక్షరాలు పడ్డాయి కాబట్టి అదీ ఒక కోరికే అయింది. మా బావగారు క్షణం ఆలస్యం చేయకుండా దాని పక్కన 'నేను ఇస్తాను' అని నొక్కారు. ఇంట్లో ఈ సదుపాయాన్ని సరిగ్గా వాడుకున్నది ఆయనొక్కరే.

నా వంతు వచ్చినప్పుడు నేను 'మా అన్న తెచ్చే చీర' అని రాశాను. లింకు లేదని అది ఎర్రగా గీత గీసింది.

"గిట్ల రాస్తె ఎవలకు అర్థమైతదమ్మా?" అంది మా అమ్మాయి.

"నాకర్థమైతది. మా అన్నకు అర్థమైతది. ఇంకెవలకు కావాలె?" అన్నాను.

మా అన్నది తాండూరు దగ్గర కరణ్‌కోట అవతలి ఊరు, మా పుట్టిన ఊరే. మందలో చాలావరకు అమ్మేశాడు గానీ కొన్ని గొర్రెలు ఇంకా ఉంచుకున్నాడు, చెలకలో కందులు వేస్తాడు. ప్రతి ఏడూ బతుకమ్మ రోజుల్లో, తాండూరు బజారులో ఓ చీర కొనుక్కుని, రైలెక్కి మా ఇంటికి వస్తాడు. ఆ చీర ఎలా ఉంటుందని అడగకండి. రంగు వెలిసిపోకూడదు, మాసినా కనబడకూడదు, ఇదే ఆయన లెక్క. ఆఫీసుకు కట్టుకుని వెళితే తోటివాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనీ.

నాకు కావలసింది చీర కాదు. మా వాళ్లలో అన్న చెల్లెలి అత్తవారింటికి ఊరికే రాడు. వస్తే ఏమైందోనని చుట్టుపక్కలవాళ్లు తొంగిచూస్తారు. చేతిలో చీర సంచి ఉంటేనే గొర్రెలను పక్కవాడికి అప్పజెప్పి, ఉతికిన తలగుడ్డ చుట్టుకుని బయలుదేరడానికి ఆయనకో కారణం దొరుకుతుంది. వచ్చి, వరండాలో కూర్చుని, ఏ గొర్రె ఈనిందో, ఊళ్లో ఎవరు పోయారో చెప్తాడు. మా అమ్మ వండే పులుసు గురించి ఇద్దరం తగువులాడుకుంటాం. సాయంత్రం రైలుకు పోతాడు. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే ఆ ఒక్క పూటే.

ఇదంతా లింకులో పట్టదు కదా.

చివరి రోజు ఆడే సద్దుల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుందనగా ఓ అట్టపెట్టె వచ్చింది. దాని మీద పంపినవారి చోట మా అన్న పేరు, పక్కన ఇంగ్లీషులో పండుగ శుభాకాంక్షలు. మా అన్నకు ఇంగ్లీషు రాదు, తెలుగులో సంతకం పెట్టడమే ఆయనకు పెద్ద పని. మా అమ్మాయికి ఫోన్ చేశాను. అది ఎంత సంబరంగా చెప్పిందో. నేను రాసిన వాక్యం తీసేసి, మంచి చీర ఒకటి వెతికి లింకు పెట్టి, మామ పేరుతో 'నేను ఇస్తాను' నొక్కి, డబ్బులు తనే కట్టేసిందట.

"మామకు మోకాళ్లు నొస్తున్నయ్ గదమ్మా. బస్సెక్కి, రైలెక్కి ఎందుకు పరేషాన్ అని నేనే ఫోన్ జేసి చెప్పిన. 'నువ్వేం ఫికర్ జేయకు మామా, నీ పేరు మీద చీర ముట్టుతది' అన్న. 'మంచిది బిడ్డా' అన్నడు."

దాని మనసు మంచిదే. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. చెడ్డ మనసుతో చేస్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

ఆ పెట్టెను విప్పకుండా బీరువా మీద పడేశాను. అయినా లోపల ఓ ఆశ. మా అమ్మాయి ఏదో చెప్పింది గానీ, మా అన్న వినే మనిషా, వస్తాడులే అనుకున్నాను. ఆఫీసుకు సెలవు పెట్టి, ఆయన మామూలుగా వచ్చే రోజున మాంసం తెప్పించి వండాను. పొద్దున రైలు పోయింది, మధ్యాహ్నం రైలూ పోయింది. రాలేదు. సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"చీర ముట్టిందట గదా" అన్నాడు.

"ముట్టింది."

"మంచిగున్నదా?"

"ఆఁ."

ఫోన్‌లో వెనక గొర్రెలు అరుస్తున్నాయి. అన్న గొంతు తగ్గించి, "ఈడ వాడకట్టోళ్లు అడుగుతున్నరే చెల్లె, ఏం చీర పెట్టినవని. ఏం రంగుది పెట్టిన నేను?" అన్నాడు.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. తాను పెట్టిన చీర ఏ రంగుదో మా అన్న నన్ను అడిగి తెలుసుకోవలసి వచ్చింది. పిచ్చి యంత్రాలు, పిచ్చి జాబితాలు, వాటిని నెత్తిన పెట్టుకునే మా పిచ్చి మొహాలు. రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను.

మరునాడు ఆ పెట్టె చంకన పెట్టుకుని రైలెక్కాను. పిలవకుండా పుట్టింటికి పోవడం నా పెళ్లయ్యాక అదే మొదలు. తాండూరులో దిగి, నాపరాళ్లు వేసుకుపోతున్న లారీల దుమ్ము మింగుతూ ఆటోలో ఊరు చేరాను. అన్న దొడ్లో గొర్రెలకు నీళ్లు పెడుతూ నన్ను చూసి కంగారుపడ్డాడు. "ఏమైందే? అందరు మంచిగున్నరా?" అన్నాడు.

"నువ్వు పెట్టిన చీర ఏం రంగో అడిగినవ్ గదా. చూపిద్దామని వచ్చిన" అన్నాను.

గడపలోనే పెట్టె విప్పాను. లేత గులాబి రంగు, గాలికే లేచిపోయేంత పల్చన. అన్న చేతులు పంచెకు తుడుచుకుని, అంచు పట్టుకుని, వెలుతురుకు ఎత్తి అవతలివైపు చూశాడు. అవతల ఉన్న గొర్రె స్పష్టంగా కనిపించింది. ఆయన మొహం చిట్లించుకోవడం చూసి నాకు చెప్పలేనంత హాయి అనిపించింది. ఇన్ని రోజులుగా నేనొక్కదాన్నే అనుభవిస్తున్న చిరాకు పంచుకునేవాడు దొరికాడు.

"గిదా నేను పెట్టింది?" అన్నాడు.

"నీ పేరే ఉన్నది."

"పేరుంటే? నేనైతే గిసొంటిది చెల్లెకు పెడ్తనా?" అని దాన్ని ఉండచుట్టి పెట్టెలో కుక్కాడు. "గిది బిడ్డకే ఇచ్చెయ్, కట్టుకుంటది. నేనింకా పెట్టలే."

నేను మంచం మీద కూర్చున్నాను. ఈ పూటకు ఇక్కడే ఉండి, వదిన చేతి రొట్టె తిని, రేపు తీరిగ్గా పోదామనుకున్నాను. అన్న కూర్చోలేదు. దండెం మీది ఉతికిన తలగుడ్డ తీసి దులుపుతున్నాడు.

"లేవే, లే. అయిదు గంటల రైలున్నది" అన్నాడు.

"ఇప్పుడే గదా వచ్చిన?"

"నువ్వు ఈడ కూసుంటే నేను చీర తీస్కొని యాడికి రావాలె? తాండూరుల నిన్ను రైలెక్కిచ్చి, ఆడనే కొంట. పొద్దుగాల మీ ఇంటికొస్త" అన్నాడు.

పుట్టింటి నుంచి నన్నంత తొందరపెట్టి పంపింది మా అన్నొక్కడే. నాకు కోపం రాలేదు. స్టేషన్‌లో రైలు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. కదిలాక నాలుగడుగులు వెంట నడిచి, "రేపు ఆఫీసుకు పోకు. నేనొచ్చేసరికి ఇంట్లనే ఉండు" అన్నాడు.