శనివారం జొన్నరొట్టె

మా మార్కాపురంలో పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. నేను చేసిన తప్పుకు మాత్రం ఒక సబ్బు బిళ్ల, బోలెడు సూదులు, ఒక ట్రాలీ ఆటో, వీధి మొత్తం జనం కావాల్సి వచ్చింది. ఇంత చేసినా అది పూర్తిగా పోలేదు. ఇప్పటికీ నేను బండి మీద పోతుంటే టీ అంగడి దగ్గర కూర్చున్నోళ్లు "జై శనీశ్వరా!" అని అరుస్తారు. నాకేదో భక్తులు పెరిగినారని అనుకునేరు. అట్లాంటిదేం లేదు, చెప్తా వినండి.

అప్పటికి నాకు ముప్పై దాటినాయి. సెల్లు రిపేరు దుకాణం ఉండె, నెత్తిన జుట్టు కూడా ఉండె. లేనిదల్లా పెళ్లే. కంభం సంబంధం వాళ్లు వచ్చి కాఫీ తాగి పోయినారు. కురిచేడు వాళ్లు వచ్చి భోజనం చేసి పోయినారు. ఇంకో సంబంధం వస్తే మంచాలు వేయాల్సి వస్తుందేమోనని మా నాయన భయపడుతుండె. మా అమ్మ ఇంక ఆగలేక నన్ను కొనకనమిట్ల పక్కన పల్లెలో ఉన్న ఒక స్వామి దగ్గరికి లాక్కుపోయింది.

స్వామి నా చెయ్యి చూసినాడు. మొహం చూసినాడు. మొహం కంటే చెయ్యే నయమనుకున్నాడేమో, మళ్లీ చెయ్యే చూసినాడు.

"శని పట్టినాడు నాయనా."

"వదిలేదెట్ల స్వామీ?"

"శనివారం శనివారం నల్ల కుక్కకు బెల్లం పూసిన జొన్నరొట్టె పెట్టు. నీ చేత్తోనే పెట్టాల. ఒక్క తెల్ల మచ్చ కూడా ఉండకూడదు."

"రొట్టె మీదనా స్వామీ?"

"కుక్క మీద!"

నల్ల కుక్క దొరకడం ఎంత కష్టమో మీకు తెలీదు. దూరంగా నల్లగానే కనిపిస్తుంది. దగ్గరికి పోతే తోక చివర తెల్లగా ఉంటుంది, లేకుంటే కాలి వేళ్లు. నేను వీధుల్లో వంగి వంగి కుక్కల పొట్టలు చూసుకుంటా తిరుగుతుంటే, "ఏంది రమణా, ఏం పారేసుకున్నావ్?" అని అడిగినారు జనం. పెళ్లి అని చెప్పలేం గదా!

చివరికి మా వీధి చివర, మూతబడిన పలకల కార్ఖానా వెనక దొరికింది. పలకల ముక్కలు, పొడి పోసిన గుట్ట మీద కాళ్లు చాపుకొని పడుకోనుండె. కాటుకలాగ నలుపు. తల నుంచి తోక దాకా ఒక్క మచ్చ లేదు. నాకు దాని కాళ్ల మీద పడాలనిపించింది. నవ్వితే నవ్వండి, ముప్పై దాటి పెళ్లి కాకుంటే తెలుస్తుంది.

మొదటి శనివారం ఎంతో భయభక్తులతో పెట్టినాను. "స్వామీ, తీసుకోండి" అని కుక్కకు మీరు అన్నాను. మా నాయనను కూడా ఎప్పుడూ మీరు అన్నోడిని కాదు. రెండు మూడు వారాలు అట్ల గడిచినాయి. తర్వాత నాలో ఉన్న కోతి నిద్రలేచింది. రొట్టె కాస్త పైకెత్తినాను. కుక్క ఎగిరింది. ఇంకాస్త ఎత్తినాను. ఇంకాస్త ఎగిరింది. తర్వాత వారం చెయ్యి బాగా పైకెత్తి "జై శనీశ్వరా!" అని ఒక్క కేక వేసినాను. అది గాల్లోకి లేచి, నా వేళ్ల సందున ఉన్న రొట్టెను లాక్కొని, కింద దిగి, నా వైపు చూసి తోక ఊపింది. వీధిలో పిల్లోళ్లు చప్పట్లు కొట్టినారు. ఫోన్లో వీడియో తీయించి పెడితే, నా పెళ్లిచూపులకు రాని చుట్టాలు కూడా లైకులు కొట్టినారు.

చప్పట్లు కొట్టినవాళ్లలో ముందు వరస ఎవరిదంటే మా చిన్నిది. మా పద్మక్క కూతురు, ఒకటో తరగతి. అక్క వాళ్ల ఇల్లు మా పక్కిల్లే. చిన్నికి లోకంలో ఇద్దరే హీరోలు, ఒకరు నేను, రెండోది ఆ కుక్క. నా నడక, నా దగ్గు కూడా అచ్చు దింపుతుంది. చూసి మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే కొంప ముంచింది.

ఒక శనివారం నేను గిద్దలూరుకు పెళ్లిచూపులకు పోయినాను. కొత్త చొక్కా, సెంటు, పిల్ల నచ్చిన సంబరం, ఇంత హడావుడిలో కుక్క రొట్టె సంగతి మతికి లేదు. సాయంత్రం వచ్చేసరికి ఇంట్లో ఒకటే గోల. చిన్ని అరచేతి పక్కన రెండు పంటిగాట్లు, రక్తం. పిల్ల బిగుసుకుపోయి ఉంది.

మా అమ్మ కారం డబ్బాతో ఉరికొచ్చింది. "కారం అద్దితే విషం దిగుతుంది!"

"కారం కాదమ్మా, సున్నం!" అని నేను అరిచినాను. డిగ్రీ చదివినోడి తెలివి ఇది.

చిన్ని ఏడుస్తానే చెయ్యి వెనక దాచుకుంది. "కారం వద్దు, సున్నం వద్దు! సబ్బుతో కడగాలని మా టీచరమ్మ చెప్పింది!"

పద్మక్క ఇద్దర్నీ తోసేసి, పిల్లను కొళాయి కింద కూర్చోబెట్టి సబ్బుతో చాలాసేపు కడిగింది. వెంటనే ఆస్పత్రికి పోయినాం. సూది మందు తీస్తున్న నర్సమ్మ, "కడిగి మంచి పని చేసినారు. కారం గీరం పూయలేదు గదా?" అని అడిగింది. మా అమ్మ చేతిలో డబ్బా ఇంకా అట్లే ఉంది. మెల్లగా కొంగు కింద దాచేసింది.

"ఎవరి కుక్క?"

"ఎవరిదీ కాదు మేడం, వీధి కుక్క" అన్నాను ధైర్యంగా.

"ఊరికే కరిచిందా, ఎవరన్నా రెచ్చగొట్టినారా?"

"మా పాప చీమను కూడా తొక్కదు మేడం!"

చిన్ని నా మొహం చూసి తల దించుకుంది. నొప్పి అనుకున్నాను.

"మిగతా సూదులు తప్పకుండా వేయించండి. పది రోజులు ఆ కుక్కను కనిపెట్టుకొని ఉండండి. ఎక్కడికీ తరమొద్దు" అని చెప్పింది నర్సమ్మ. అక్క తలూపింది. నేనూ ఊపినాను. అక్క చెవుల్లో పడింది, నాకు మాత్రం పడలేదు.

మర్నాడు పొద్దున్నే నేను వీధిలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టినాను.

"పసిపిల్లను కుక్క కరిస్తే బాధ్యులెవరు? మున్సిపాలిటీ వాళ్లకు పట్టదా? చికెన్ అంగడోళ్లు ఎముకలు రోడ్డు మీద పారేస్తే కుక్కలు చేరవా? మిగిలిన అన్నం గోడ పక్కన పోసేదెవరు? ఎవరో ఒకరు దాన్ని మరిగించినారు! ఎవరో చెప్పండి!"

అందరూ పనులు ఆపి నిలబడినారు. నా మాటలకు జడిసినారని అనుకున్నాను. వాళ్లంతా నా వైపే ఎందుకు చూస్తున్నారో నాకు తట్టలేదు.

మా వీధిలోనే ఉండే, వరసకు బావయ్యే కొండయ్య తన ట్రాలీ ఆటో తెచ్చినాడు. నేనే రమ్మన్నాను. "దాన్ని ఎక్కించుకొని పోయి నల్లమల్లో వదిలేసి రా బావా."

"అడవిలో వదిలితే చిరుతపులి నోట్లో పెట్టినట్టే గదరా" అన్నాడు బావ.

"పిల్లను కరిచినప్పుడు దానికి తెలీదా?"

గడపలో కూర్చున్న చిన్ని బావురుమంది. "వద్దు మామా! అడవికి వద్దు!"

"నీకేం తెలీదు, ఊరుకో" అని కసిరినాను. కుక్కను పట్టాలంటే ఎర కావాల. ఇంట్లోంచి జొన్నరొట్టె తెప్పించి గుట్ట దగ్గరికి పోయినాను. అప్పటిదాకా గుట్ట వెనక నక్కిన కుక్క నన్ను చూడగానే ఉరికొచ్చింది. అలవాటుగా నా చెయ్యి పైకి లేచింది. నోరు కూడా ఊరుకోలేదు.

"జై శనీశ్వరా!"

గాల్లోకి లేచింది. రొట్టె లాక్కుంది. దిగింది. నా వైపు చూసి తోక ఊపింది.

ఈసారి చప్పట్లు లేవు.

"నేను కూడా అట్లే చేసినా మామా" అంది చిన్ని వెక్కుతా. "నువ్వు ఊరికి పోయినావు గదా. దానికి ఆకలేస్తుందని రొట్టె తెచ్చినా. చెయ్యి పైకెత్తినా. జై శనీశ్వరా కూడా అన్నా. అది నీకు ఎగిరినంతే ఎగిరింది. నా చెయ్యే పొట్టిది."

"మరి నిన్ననే చెప్పలేదేందమ్మా?"

"చెప్తే అందరూ నిన్ను తిడతారని."

పిల్ల చేతికి కట్టు, కళ్లల్లో నీళ్లు, నోట్లో నా మీద జాలి. నిన్నటి నుంచీ నన్ను కాపాడాలని నొప్పితో పాటు ఆ మాట కూడా దిగమింగింది. నేనేమో పొద్దున్నుంచీ ఊరందరి మీదా వేలు చూపించుకుంటా తిరిగినాను. సిగ్గుతో చచ్చిపోయినాను.

కొండయ్య బావ ట్రాలీ వెనక తలుపు తీసి పట్టుకొని, ఎంతో మర్యాదగా అడిగినాడు. "అయితే రమణా, ఇప్పుడు నల్లమలకు ఎవర్ని ఎక్కించమంటావ్?"

వీధి వీధంతా పగలబడి నవ్వింది. నవ్వనిది పద్మక్క ఒక్కతే. "కుక్కకు ఏం తెలుసురా? నువ్వు నేర్పింది చేసింది. పిల్లకేం తెలుసు? నువ్వు చేసింది చూసింది. పది రోజులు కుక్కను కనిపెట్టుకోమని నర్సమ్మ చెప్తే నువ్వు అడవికి పంపుతున్నావ్! ఇంక దాని బాధ్యత నీదే" అని తేల్చేసింది.

ఆ పది రోజులూ కుక్క మా దొడ్లో ఉంది. మా నాయన రోజూ లేవగానే "శనీశ్వరుడు బాగున్నాడా?" అని అడిగేవాడు. కుక్కకు ఏ రోగం రాలేదు, తిండి తినడం తప్ప. చిన్ని సూదులన్నీ వేయించుకుంది, సూదికొక ఐస్‌క్రీమ్ చొప్పున నా దగ్గర వసూలు చేసింది. తర్వాత పశువుల ఆస్పత్రిలో కుక్కకు కూడా టీకా వేయించి, ఇంటికి తెచ్చి, ఒంటి నిండా దుమ్ముంది గదా అని నీళ్లు పోసినాను.

నల్లటి నీళ్లు కారినాయి. కారినాయి, కారినాయి. చివరికి లోపల్నుంచి గోధుమ రంగు కుక్క బయటపడింది. మెడ కింద తెల్ల మచ్చ కూడా ఉంది. ఇన్నాళ్లూ ఆ నలుపంతా పలకల పొడి!

మా అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఒరేయ్, ఇన్ని శనివారాలూ ఎవరికి పెట్టినావురా రొట్టెలు?"

అదే సమయానికి గిద్దలూరు నుంచి ఫోను వచ్చింది. సంగతంతా వాళ్లదాకా పోయిందంట. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. "కుక్కను అడవికి పంపకుండా ఇంట్లో పెట్టుకొని చూసుకున్నాడంట గదా, అయితే నాకు ఇష్టమే" అందంట పిల్ల. శని రంగు పట్టించుకోడని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు కుక్కకు చిన్నే మళ్లీ పాఠాలు చెప్తోంది. రొట్టె గిన్నెలో వేస్తుంది, గిన్నె నేల మీద పెడుతుంది, దూరంగా జరుగుతుంది. అది తింటున్నంతసేపూ వీధి పిల్లోళ్లను ఒక్కర్ని కూడా దగ్గరికి రానివ్వదు. నేను ముచ్చటపడి ఒక అడుగు ముందుకేస్తే, "మామా, నువ్వు వెనకుండు. నీకు రాదు" అంటుంది.

అందుకే అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ ప్రాణికీ తిండి పైకెత్తి చూపించను. మా ఆవిడ రొట్టె అడిగినా సరే, కంచంలో పెట్టి, కంచం కింద పెట్టి, వెనక్కి జరిగి నిలబడతాను.