ఉత్తరాలమ్మ చెప్పే మాట

కాన్పుల వార్డు ఆయాకు సొంత పేరొకటి ఉండేది కానీ, ముప్పై ఏళ్లుగా ఆవిడ అందరికీ ఉత్తరాలమ్మే. ఉత్తరాలంటే పోస్టులో వచ్చేవి కావు, తొలినాటి క్రైస్తవ సంఘాలకు పెద్దలు రాసినవి. గురువారాలు ఆసుపత్రి ప్రార్థన గదిలో పాస్టరుగారు వాటిని చదువుతుంటే, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనక బల్ల మీద కూర్చుని వినేది.

లోకం మీద మమకారం వద్దనే ఉత్తరం ఆవిడకు బొత్తిగా గిట్టదు. "రాసినాయన ఒక్కసారి మా వార్డుకొచ్చి పసిబిడ్డను ఎత్తుకునుంటే ఆ మాట రాసేవాడా అయ్యగారూ?" అని అడిగేసేది. అక్కడ లోకమంటే మనుషుల గర్వమూ పేరాశా తప్ప దేవుడు చేసిన మట్టీ నీళ్లూ కాదని ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. ఆవిడ చెవికెక్కేది కాదు. ఆవిడకు నచ్చింది మరో ఉత్తరం. అందులో సృష్టి అంతా పురిటినొప్పులు పడుతూ విడుదల కోసం మూలుగుతోందట. "ఈయనకు సంగతి తెలుసు" అని అప్పటికప్పుడు సర్టిఫికెట్ ఇచ్చేసింది.

ఆనాటినుంచి నొప్పులు పడే ప్రతి మనిషికీ నడుము రాస్తూ అదే మాట. "నువ్వొక్కదానివే కాదమ్మా, చెట్టూ చేమా నీతోపాటే మూలుగుతున్నాయి. నొప్పి వచ్చిందంటే బిడ్డ వస్తున్నట్టే." బిడ్డ దక్కదని తెలిసిన మంచం దగ్గర మాత్రం నోరు మెదిపేది కాదు. ఆ నియమం వార్డంతటికీ తెలుసు.

ఒక ఉదయం ఆవిడ కూతుర్నే తెచ్చి ఆ వార్డులో పడుకోబెట్టారు. తొలికాన్పు, నెలలు నిండాయి. ఉత్తరాలమ్మ కూతురి పొట్టమీద చెయ్యి వేసి చూసింది. డాక్టరమ్మ బిడ్డ గుండెచప్పుడు కోసం వెతికి వెతికి, ఆవిడ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"దానికి నేను చెప్తాన్లెండమ్మా" అంది ఆవిడ.

కూతురు మంచం కమ్మీ పట్టుకుని, "నిన్నట్నుంచి కదలట్లేదమ్మా. నువ్వేమో మాట్లాడవు. అందరికీ చెప్పేది నాకెందుకు చెప్పట్లేదు?" అంది.

ఎంత గుండె రాయి చేసుకున్నా తల్లి తల్లే. కూతురి నడుము రాస్తూ, అందరికీ చెప్పే ఆ మాటే చెప్పేసింది. కూతురి ముఖం ఒక్కసారిగా తేటపడింది. నాలుగు గంటలు పళ్లబిగువున నొప్పులు పడింది, మధ్యలో నవ్వింది కూడా.

తర్వాత గదిలో బిడ్డ ఏడుపు వినపడలేదు.

"తెలిసే చెప్పావు కదూ?" అంది కూతురు. కాసేపటికి మళ్లీ, "అయితే నీ సృష్టి కూడా ఇలాగే మూలిగి మూలిగి, ఆఖరికి ఇంతేనా?" అని గోడవైపు తిరిగింది. ఆ ప్రశ్న పాస్టరుగారిని అడగాలని కూడా ఉత్తరాలమ్మకు అనిపించలేదు.

నెల తర్వాత పనిలోకి వచ్చింది. మూడో మంచం మీద నొప్పులు పడుతున్న పిల్లకు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నడుము రాస్తోంది ఉత్తరాలమ్మ. ఎంతసేపటికీ మాట లేకపోయేసరికి ఆ పిల్ల గాభరాగా వెనక్కి తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఉత్తరాలమ్మా, మాట్లాడవేంటి? నా బిడ్డకేమైంది?"

ఏమీ కాలేదు. ఆ ముక్క చెప్పడానికి కూడా ఆవిడకు నోరు రాలేదు.