ఇద్దరు కూర్చుంటేనే నిలిచే బల్ల

ఈ రోజు పొద్దున మార్కాపురం బస్టాండులో డిజైన్ కాలేజీ పిల్లలు ఒక వింత బల్ల పెట్టారు. పార్కుల్లో పిల్లలు ఊగే బల్ల లాంటిదే. రెండు చివర్లా ఇద్దరు కూర్చుంటేనే సమంగా నిలుస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య మాట కలపాలని వాళ్ల ప్రయత్నమట.

సంగతి తెలియక, తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన వైపు బల్ల నేలకు దిగిపోయింది. ఒక అమ్మాయి నవ్వుతూ, దగ్గర్లో నిలబడ్డ మనిషితో "అంకుల్, మీరు అటు కూర్చోండి" అంది.

ఆ మనిషి కదల్లేదు. "వద్దులేమ్మా. నేను కూలికి పోయేది ఆయన చేలోకే. ఆయన ముందర ఎట్ల కూసుంటా?"

బస్టాండంతా ఇటే చూస్తోంది. పెద్దాయన మొహం ఎర్రబడింది.

"చూస్తావేంది ఏసోబూ, కూసో!"

ఏసోబు అటు చివర అంచున కూర్చున్నాడు. బల్ల సమమైంది.

ఇంతలో యర్రగొండపాలెం బస్సు వచ్చింది. పెద్దాయన లేవబోయేసరికి ఏసోబు వైపు బల్ల వంగిపోయింది. "అయ్యా, పడతాండా!" అని అరిచాడు. పెద్దాయన మళ్లీ కూలబడ్డాడు. కాసేపు బస్సు వైపే చూసి, "సరే, ఇద్దరం ఒక్కసారే లేద్దాం" అన్నాడు.

లేచారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేనూ అదే బస్సెక్కాను. పెద్దాయన పక్క సీటు వాళ్ల ఊరొచ్చేదాకా ఖాళీగానే ఉంది. ఏసోబు కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు.

ఆ పిల్లలు బస్సు సీట్లు కూడా చేస్తారేమో, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.