వెనక వరుసలో ఆడినావిడ

కువైట్‌లో ఒక ఆడపిల్లల స్కూల్లో నేను నర్సుగా చేరిన మూడో ఏడు, సెప్టెంబరులో, ఒక జర్మన్ ఆవిడ నా గదిలోకి వచ్చి ఐస్ ఉందా అని అడిగింది. ఆ ఏడే కొత్తగా వచ్చిన ఫుట్‌బాల్ కోచ్. నలభైకి ఒకటో రెండో తక్కువ ఉంటాయి. పొడగరి. కుర్చీలో కూర్చుని ట్రాక్ ప్యాంటు పైకి లాగితే కుడి మోకాలి మీద పాత కుట్ల గీతలు మూడు కనిపించాయి.

"యాక్సిడెంటా?" అని అడిగాను.

"కాదు, ఉద్యోగం," అంది.

ఆడవాళ్లకు ఫుట్‌బాల్ ఉద్యోగమవుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. అమలాపురంలో చదువుకునే రోజుల్లో మగపిల్లలు బంతి ఆడుతుంటే మైదానం అంచున తల దించుకుని నడిచి వెళ్లడం, అంతే నాకు తెలిసిన ఫుట్‌బాల్.

ఆ రోజు నుంచి ఆఖరి పీరియడ్ అయ్యాక ఆవిడ రావడం, మోకాలికి ఐస్ కట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చోవడం అలవాటైంది. ఇద్దరిదీ నేర్చుకున్న ఇంగ్లీషే కాబట్టి నింపాదిగా, చిన్న మాటల్లో మాట్లాడుకునేవాళ్లం. నా గదిలో ఆయాగా పనిచేసే అక్కది రాయచోటి దగ్గర పల్లె. నాకంటే పదేళ్లు పెద్దది. అంతకుముందు చాలా ఏళ్లు ఎగైలా అనే పేటలో ఒక ఇంట్లో వంట చేసింది. ఇంగ్లీషు రాదు. కోచ్ చెప్పింది నేను తెలుగులో చెబుతుంటే, దుప్పట్లు మడతపెడుతూ వినేది.

కోచ్ వాళ్ల ఊళ్లో ఆడపిల్లలకు జట్టు ఉండేది కాదట. పన్నెండేళ్లదాకా మగపిల్లలతో ఆడింది. తర్వాత రైలెక్కి పక్క పట్నం పోయి ఆడవాళ్ల క్లబ్బులో చేరింది. మొదట్లో ముందు వరుసలో గోల్స్ కొట్టేది. ఒకరోజు వెనక ఆడే అమ్మాయికి జ్వరం వస్తే ఆ చోట ఈవిణ్ణి నిలబెట్టారు. ఇక మళ్లీ ముందుకు వెళ్లనంది.

"ఎందుకు?" అన్నాను.

"ముందు నిలబడితే నాకు గోల్ ఒక్కటే కనిపించేది. వెనక నిలబడితే అందరూ కనిపించారు."

అప్పట్లో ఆడవాళ్ల ఆటకు జీతం ఉండేది కాదు. పొద్దున్నే సైకిల్ మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచేది, మధ్యాహ్నం పడుకునేది, సాయంత్రం ఆడేది. అలా ఆరేళ్లు. చివరికి ఒక పెద్ద క్లబ్బు ఆటకే జీతం ఇస్తామని కాగితం రాసిచ్చింది. సంతకం పెట్టిన మర్నాడు కూడా అలవాటు కొద్దీ ఐదింటికే మెలకువ వచ్చిందట. ఏం చేయాలో తోచక పోస్టాఫీసుకే వెళ్లి, తన చోట కొత్తగా చేరిన అమ్మాయికి ఉత్తరాలు వీధులవారీగా సర్దిపెట్టి వచ్చింది.

మోకాలి లోపలి లిగమెంటు ఇరవై నాలుగో ఏట తెగింది. కుట్టారు. నాలుగేళ్లకు మళ్లీ అక్కడే తెగింది. ఇక ఆట మానేయమన్నాడు డాక్టరు. కర్రల సాయంతో రోజూ మైదానానికి వెళ్లి, తన జట్టు ఆడుతుంటే గీత బయట కూర్చునేదట. ఏడాది పైనే పట్టింది తిరిగి ఆడటానికి. ఆ తర్వాతే జాతీయ జట్టు నుంచి పిలుపు వచ్చింది. ఒక మ్యాచ్ ఆడింది.

"ఒక్కటేనా?" అన్నాను, నోరు జారి.

"ఒకటి ఆడాను," అంది ఆవిడ. ఆ మాట అన్నప్పుడు వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

ఆ ఆట చూడాలని అక్క పట్టుబడితే, ఒకరోజు కోచ్ లాప్‌టాప్ తెచ్చింది. ముగ్గురం నా బల్ల ముందు కూర్చున్నాం. చాలాసేపు ఆవిడ ఎక్కడుందో కూడా మాకు తెలియలేదు. బంతి ఎప్పుడూ ఇంకెవరి దగ్గరో ఉంది. చివర్లో అవతలి అమ్మాయి గోల్‌కీపర్‌ని దాటేసి బంతిని ఖాళీ గోల్‌లోకి తన్నింది. ఎక్కడినుంచి వచ్చిందో ఈవిడ, పడిపోతూ కాలు చాచి గీత మీదే బంతిని బయటికి తన్నేసింది. గోల్ స్తంభానికి భుజం కొట్టుకుంది. లేచింది. ఎవరూ దగ్గరకు రాలేదు. తనవాళ్లను సర్దుకోమని చేత్తో సైగలు చేసి, మళ్లీ తన చోట నిలబడింది.

అక్క మడతపెడుతున్న దుప్పటి ఒళ్లోనే ఉండిపోయింది.

"గోల్ ఏసినోళ్లను అందురూ ఎత్తుకుంటారు గదా సిస్టర్. ఈయమ్మను ఎవరూ ఎత్తుకోరా?" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. కోచ్ నవ్వి, "గోల్‌కీపర్‌కి తెలుస్తుంది," అంది.

ఫిబ్రవరిలో స్పోర్ట్స్ డే వచ్చింది. గేటు దగ్గర మగవాళ్లను ఆపేసి, పెద్ద తరగతుల పిల్లలకూ టీచర్లకూ మ్యాచ్ పెట్టారు. తల్లులు నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పిల్లల జట్టులో పదకొండో తరగతి కువైటీ అమ్మాయి ఉండేది. గాలిలా పరిగెత్తేది. ఆమెను ఆపడం టీచర్ల వల్ల కాలేదు. ఇంకా పది నిమిషాలున్నాయనగా లెక్కల టీచరు పిక్క పట్టేసి కూలబడింది. రిఫరీగా ఉన్న కోచ్ ఈలను పక్కవాళ్లకిచ్చి ఆమె చోట ఆటలోకి దిగింది.

ఆ అమ్మాయి బంతి తీసుకుని నేరుగా ఆవిడ మీదికి వచ్చింది. నేనైతే కాలు అడ్డం పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. ఒంటిని సగం తిప్పి, అమ్మాయి కళ్లలోకి కాక బంతినే చూస్తూ వెనక్కి, వెనక్కి జరిగింది. తోవ చూపిస్తున్నట్టు ఆమెను మైదానం మూలకు తీసుకుపోయింది. అక్కడ, నిద్రపోయిన పిల్ల చేతిలోంచి గ్లాసు తీసినంత మెల్లగా, బంతి తీసేసుకుంది. ఆ అమ్మాయి ఇంకో రెండడుగులు బంతి లేకుండానే పరిగెత్తి, ఆగి, వెనక్కి చూసింది.

చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయాను. ఇన్నేళ్ల పని మొత్తం ఆ నాలుగు అడుగుల్లో కనిపించింది. ఆట ముగిశాక ఆ అమ్మాయి కోచ్ దగ్గరికి వెళ్లి, ఎలా చేశారో చెప్పమని నిలదీసింది.

మర్నాటికి మోకాలు కొబ్బరిబొండమంత వాచింది. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈజిప్టు డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, పక్కగదిలోంచి ఇంకో డాక్టర్ని కేకేసి చూపించాడు. ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన సందు లేదు.

"ఈ మోకాలితో ఎన్నాళ్లు ఆడారు?" అన్నాడు.

"రెండో ఆపరేషన్ తర్వాత ఏడేళ్లు."

ఆయన ఎక్స్‌రే దించి ఆవిడ ముఖంలోకి చూశాడు. "ఖలాస్, మేడమ్. ఇక పరుగు వద్దు," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏదో పెద్దవాళ్లతో మాట్లాడుతున్నంత మర్యాద ఉంది.

తిరిగొస్తుంటే టాక్సీలో అడిగాను. "ఇంత నొప్పని ముందే తెలిస్తే ఆడేవారా?"

"మీరు ఎప్పుడైనా రేపు ఉదయం కోసం ఎదురుచూస్తూ పడుకున్నారా? నేను పద్దెనిమిదేళ్లు అలా పడుకున్నాను," అంది. నా జీవితంలో అలాంటి రాత్రులు ఎన్నని లెక్క వేసుకోబోయి మానేశాను.

మిగతా నెలలు కుర్చీలో కూర్చునే నేర్పింది. జూన్‌లో వెళ్లిపోయే ముందు శుక్రవారం అబ్బాసియాలో మా ఇంటికి భోజనానికి పిలిచాను. లిఫ్ట్ పాడైంది. మూడంతస్తులూ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. చేయి అందిస్తే వద్దంది. అక్క అప్పటికే వచ్చి రాగి సంగటి కెలికింది. మావారికి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు. "వెనకాల నలుగురూ ఒక గీతలోనే ఎందుకుండాలండీ?" అని ఆయన అడిగితే, ఆవిడ స్టీలు గ్లాసులు నాలుగు వరుసగా పెట్టి, ఊరగాయ సీసాను అవతలి ఆటగత్తెను చేసి జరిపి చూపించింది. అన్నం చల్లారిపోయింది. మావారు సీసాను ఎటు నుంచి తెచ్చినా గ్లాసులు అడ్డం వచ్చేవి.

"ఈయమ్మ మీద గెలిసేది యాడ కుదుర్తాది. నువ్వు తినప్పా, సల్లగయితాంది," అంది అక్క.

వెళ్లిన ఏడాదికి ఈమెయిల్ వచ్చింది. మోకాలు మార్పించుకుందట. వాళ్ల ఊళ్లో ఎనిమిదేళ్ల ఆడపిల్లలకు ఆట నేర్పుతోందట. పదహారుమంది ఉన్నారు, అందరూ ముందు వరుసే కావాలంటున్నారు, ఓపికపడుతున్నాను అని రాసింది. ఫోటోలో పిల్లలంతా బంతి చుట్టూ గుంపుగా ఉన్నారు. దూరంగా వెనక ఒక పిల్ల, నడుము మీద చేతులు పెట్టుకుని, వాళ్లందరినీ చూస్తూ నిలబడి ఉంది.